పెద్దమ్మ హిచ్ కాటా ఎక్కిన రోజు

మా క్యాంపులో ట్రైలర్లు, అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే చిన్న ఇళ్ళు, రెండు రకాలు. కదిలేవి, నాటుకుపోయినవి. నాటుకుపోయినవాటికి చక్రాలు ఊడదీసి కింద సిమెంటు దిమ్మలు పెడతారు. ముందు చెక్క అరుగు కడతారు. అరుగు చుట్టూ ప్లాస్టిక్ కొంగలు గుచ్చుతారు. రెండు వేసవులు గడిచేసరికి అడుగున ఉడతలు కాపురం పెడతాయి. ఆ తర్వాత అది బండీ కాదు, ఇల్లూ కాదు.

జులై నెలాఖరులో ఒక పొద్దున మెర్ల్ బాబాయ్ తన ట్రక్కులో చెక్క పలకలు వేసుకొచ్చి లవాన్ పెద్దమ్మ ట్రైలర్ ముందు దించడం మొదలుపెట్టాడు. ఆమెను అడగలేదు. అడిగితే ఏమంటుందో ఆయనకు తెలుసు.

పెద్దమ్మ బంగాళాదుంపల చెక్కు తీసే కత్తి పట్టుకునే బయటికి వచ్చింది.

"ఏంట్రా మెర్ల్ ఇది?"

"అరుగు వదినా. సాయంత్రం పూట అన్నయ్యా నువ్వూ కూర్చోవడానికి."

"కూర్చోవడానికి నాకు కుర్చీ ఉంది. మడతపెట్టి లోపల పడేసుకుని ఎక్కడికైనా పట్టుకుపోతాను."

"ఇంకెక్కడికి పోతావ్? పోయినేడాది పోయిన చోటికేనా?"

పెద్దమ్మ కత్తి ఉన్న చెయ్యి గాలిలో ఆగింది. పక్క ట్రైలర్ల వాళ్ళు కాఫీ కప్పులతో బయటికి వచ్చి నిలబడ్డారు. మా క్యాంపులో గొడవ చూడటానికి టిక్కెట్టు అక్కర్లేదు.

పోయినేడాది సంగతి చెప్పాలంటే ముందు పెద్దమ్మ సంగతి చెప్పాలి. ఆమె మా అమ్మకు అక్క. ఉత్తర ఇండియానాలో మా ఊళ్ళో సగం మంది ట్రైలర్లు తయారుచేసే ఫ్యాక్టరీల్లో పనిచేస్తారు. పెద్దమ్మ ముప్పై ఏళ్ళు అక్కడ కర్టెన్లు కుట్టింది. ఆమె కుట్టిన కర్టెన్లు దేశంలో ఉన్న కొండలన్నీ, సముద్రాలన్నీ చూశాయి. ఆమె మాత్రం కుట్టుమిషను వెనకాల గోడ చూసింది. ఆ మాట ఆమే అంటుంది, నవ్వుతూ కాదు. ఓరిన్ పెదనాన్న పని ఆ కొత్త ట్రైలర్లను లాక్కెళ్ళి దూరదూరాల్లో ఉన్న అమ్మకందార్లకు అప్పగించడం. ఇంటికొచ్చి ఎక్కడ ఏ కొండ చూశాడో, ఏ కాఫీ ఎంత దరిద్రంగా ఉందో చెప్పేవాడు. ఆమె వింటూ కుట్టేది.

ఇద్దరూ పని మానేశాక ఒక పాత ట్రైలర్ కొన్నారు. అప్పటినుంచీ పెద్దమ్మ ఇంట్లో కాలు నిలిపింది లేదు. ప్రతి ఆగస్టులో మిషిగన్ పైభాగంలో పెద్ద సరస్సు ఒడ్డున మా అమ్మతో కలిపి నలుగురు అక్కచెల్లెళ్ళూ తమ ట్రైలర్లు వరసగా నిలిపి వారం రోజులు ఒకళ్ళ మీద ఒకళ్ళు అరుచుకుంటారు. నవ్వులు, చేపల వేపుడు, పేకాట, పాత తగువులు. ఏడాది మొత్తంలో పెద్దమ్మ లెక్కపెట్టుకునేది ఆ వారమే.

తర్వాత పెదనాన్నకు కళ్ళు పాడయ్యాయి. పక్కలు కనిపిస్తాయి, నడిమధ్యన ఉన్నది కనిపించదు. "నీ చెవులు రెండూ బ్రహ్మాండంగా కనిపిస్తున్నాయిరా, మొహమే లేదు" అంటాడు నన్ను చూసి. డాక్టరు బండి నడపొద్దన్నాడు. పెద్దమ్మ మర్నాడే స్టీరింగు ముందు కూర్చుంది. నేను లాగి తీసుకెళ్తానంటే ఒప్పుకోలేదు. "ఒకళ్ళు తీసుకెళ్ళి దించడానికి నేను సామానునా?" అంది.

పోయినేడాది ఆగస్టులో ఆమె మొదటిసారి తనే లాక్కుంటూ బయల్దేరింది. హైవే మీద ఒక పెద్ద లారీ పక్కనుంచి దాటింది. దాంతో ట్రైలర్ తోక ఊపడం మొదలుపెట్టింది. ముందు చిన్నగా. తర్వాత ఇంకొంచెం. తర్వాత ట్రక్కునే అటూ ఇటూ ఈడ్చేసింది. పెద్దమ్మ ట్రైలర్ బ్రేకు నొక్కి ఎలాగో పక్కకు తెచ్చి ఆపింది. దిగి గడ్డిలో కూర్చుంది. మెర్ల్ బాబాయ్ వెళ్ళి బండిని వెనక్కి తెచ్చాడు. ఆ ఏడాది అక్కచెల్లెళ్ళు ముగ్గురే అరుచుకున్నారు.

అప్పటినుంచి మెర్ల్ బాబాయ్‌ది ఒకటే పాట, ఇక ఇక్కడే నాటుకుపొమ్మని. ఆయన పెదనాన్నకు తమ్ముడు. మంచివాడే. కానీ ఆయన తెలుసనుకున్న విషయం ఆయనకు తెలియదని ఒప్పించడం కన్నా గోడకు స్నానం చేయించడం తేలిక. పైగా ఆయనకు ఆగస్టులో పేకాటకు జతగాడు ఉండడు. పెద్దమ్మా పెదనాన్నా నాటుకుపోతే ఆ బాధ తీరుతుంది. ఆ మాట మాత్రం పైకి అనడు.

"వదినా, చెడ్డగా అనుకోకు," అన్నాడు బాబాయ్ పలకలు దించడం ఆపి. "ఆ హిచ్‌కున్న కడ్డీలు రెండూ అలంకారం. అమ్ముకోవడానికి పెట్టినవి. చెవులకు పోగుల్లాంటివి. అవి బరువును ఎక్కడికీ తీసుకెళ్ళవు."

"షాపు అబ్బాయి చెప్పాడు, అవి బిగిస్తే ట్రైలర్ బరువు సగం మాయమైపోతుందని."

"మాయమైపోతుందా? ఎక్కడికి పోతుంది, స్వర్గానికా?"

"నాకేం తెలుసు? మంచి చొక్కా వేసుకున్నాడు, నమ్మాను."

హిచ్ అంటే ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే కొండీ. ట్రైలర్ మూతి వచ్చి ట్రక్కు తోక మీద కూర్చుంటుంది. తోక కుంగుతుంది, ట్రక్కు ముక్కు లేస్తుంది. ముక్కు లేస్తే తిప్పే చక్రాలకు నేల మీద పట్టు తగ్గుతుంది. అందుకని హిచ్‌కు రెండు ఉక్కు కడ్డీలు తగిలించి, వాటి రెండో చివరను గొలుసులతో ట్రైలర్ మూతి వైపు పైకి లాగి బిగిస్తారు. ఒంటిచక్రం తోపుడుబండి చేతులు పైకెత్తితే బరువు ముందుకు పోయినట్టు ట్రక్కు ముక్కు మళ్ళీ కిందికి దిగాలి. దిగుతుందా లేదా, ఎంత దిగుతుంది అనేదాని మీద మా వాళ్ళు పెళ్ళిళ్ళలో కూడా కొట్టుకుంటారు. తూచి చూసినవాణ్ణి మాత్రం నేను చూడలేదు.

నేను కాలేజీలో యంత్రాల చదువు సగంలో వదిలేసి క్యాంపులో గడ్డి కోస్తున్నాను. అందుకని నాకూ ఒక అభిప్రాయం ఉంది. ఎవరూ అడగలేదు గానీ చెప్పాను.

"వాదించుకోవడం ఎందుకు? గేలన్ కాటా మీద పెట్టి తూచండి."

అందరూ నా వైపు చూశారు. ధాన్యం గోదాము మా క్యాంపుకు కూతవేటు దూరం. గోధుమలు వెళ్ళిపోయాయి, మొక్కజొన్న ఇంకా చేలోనే ఉంది. అక్కడ లారీలు తూచే కాటా నడిపే గేలన్ స్టట్స్‌మన్ రోజంతా ఈగలు తోలుకుంటున్నాడు.

"పందెం," అన్నాడు మెర్ల్ బాబాయ్. "ఎవరి మాట తప్పయితే వాళ్ళు ఈ వరసలో ఉన్న ట్రైలర్లన్నిటి మరుగుదొడ్ల కింది మురికి తొట్లూ ఖాళీ చెయ్యాలి."

"సరే. మరి నా మాట నిజమైతే ఈ పలకలు నా వాకిట్లోంచి పోవాలి," అంది పెద్దమ్మ.

"నీ మాట తప్పయితే?"

ఆమె ట్రైలర్ చక్రాల వైపు చూసింది. "తప్పయితే నువ్వే ఊడదీసుకో."

పెదనాన్న కుర్చీలోంచి లేచి ట్రక్కు తలుపు తడుముకుంటూ ఎక్కి కూర్చున్నాడు. ఆగస్టు ప్రయాణానికి సర్దినవి సర్దినట్టే ఉంచి తూచాలంది పెద్దమ్మ. దుప్పట్లు, గిన్నెలు, చేపల గాలాలు, అన్నీ. ఖాళీ బండిని తూచి ఏం లాభం అంది. ఆ ఒక్క మాటే తర్వాత మమ్మల్ని కాపాడింది.

గేలన్ అద్దాల గదిలో కూర్చుని మైకులో మాట్లాడతాడు. బయట స్తంభానికి లౌడ్‌స్పీకరు ఉంటుంది. కోతల కాలంలో రైతుల మీద అరవడానికి పెట్టింది. పనిలేని రోజుల్లో ఆ గొంతుకు తిక్క పుడుతుంది.

"కాటా మీదికి విచ్చేస్తున్నది లవాన్ గారి ట్రక్కు," అని చేలన్నిటికీ వినబడేలా ప్రకటించాడు. "ముందు చక్రాలు మాత్రమే ఎక్కించండి. అంతే. చాలు. చాలన్నానుగా!"

ట్రైలర్‌ను పక్కన విప్పి పెట్టాం. ఒట్టి ట్రక్కు ముందు చక్రాల బరువు చెప్పాడు, పౌండ్లలో.

"ఆ అంకెలు నా బుర్రకెక్కవు," అంది పెద్దమ్మ కిటికీలోంచి. "మనుషుల్లో చెప్పు."

"ఏ మనుషుల్లో?"

అందరి చూపూ ఒకేసారి మెర్ల్ బాబాయ్ మీద పడింది. ఆయన మనిషి ఏపుగా ఉంటాడు. అటూ ఇటూ చూసి, వేరే దారి లేక కాటా ఎక్కాడు.

"మెర్ల్ గారు, చేతిలో డోనట్ పక్కన పెట్టండి. అదీ తూగుతుంది."

"తినేశాను."

"అయితే దాంతో కలిపే. రాసుకుంటున్నా. ఇకనుంచి ఈ కాటాలో ఇదే కొలత. ఒక మెర్ల్."

ట్రైలర్ తగిలించాం. ముందు కడ్డీలు వదులుగా వదిలేశాం. పెద్దమ్మ మళ్ళీ ముందు చక్రాలు ఎక్కించింది.

"ముందు బరువు తగ్గింది. అర మెర్ల్ పోయింది."

"ఎగిరిపోయాను చూడు," అన్నాడు మెర్ల్ బాబాయ్.

తర్వాత నేను కడ్డీలు బిగించాను. గొలుసులో ఒక లంకెకు ఎర్రగా గుర్తు ఉంది. పెద్దమ్మ గోళ్ళ రంగు. పెదనాన్న కళ్ళు బాగున్నప్పుడు పెట్టించిన గుర్తు. ఆ లంకె దగ్గరే బిగించాను. పెద్దమ్మ బండి ముందుకు తెచ్చింది. లౌడ్‌స్పీకరు కాసేపు మాట్లాడలేదు.

"ఏమైంది గేలన్? పడుకున్నావా?"

"లేదు. మళ్ళీ చూస్తున్నా. పోయిన అర మెర్ల్ తిరిగొచ్చింది. దాంతోపాటు ఇంకో పావు మెర్ల్ కూడా వచ్చింది."

పెద్దమ్మ హారను మోగించింది, ఆగకుండా. గోదాము కప్పు మీది పావురాలన్నీ లేచాయి. "అలంకారమా? పోగులా? మెర్ల్, మురికి తొట్లకు చేతి తొడుగులు కొనుక్కో!"

"ఆగాగు. మాయమైపోయిన సగం సంగతేంటి?" బాబాయ్ వదిలే రకం కాదు. "మొత్తం బండిని ఎక్కించు. గేలన్, కడ్డీలు వదులుగా ఒకసారి, బిగించి ఒకసారి."

తూచాం. ట్రక్కూ ట్రైలరూ కలిపి వదులుగా ఉన్నప్పుడు ఎంతో, బిగించినప్పుడూ అంతే. గోరంత తేడా లేదు. అంటే కడ్డీలు బరువును మాయం చెయ్యలేదు. ట్రక్కు తోక మీది బరువులో కొంత తీసి ముందు చక్రాలకిచ్చాయి, కొంత ట్రైలర్ చక్రాలకిచ్చాయి. పంచాయి, అంతే.

"మంచి చొక్కా వేసుకున్నాడే," అంది పెద్దమ్మ మెల్లగా.

"నేనూ ఓడాను, నువ్వూ ఓడావు. తొట్లు చెరిసగం," అన్నాడు బాబాయ్. అక్కడితో ఊరుకుంటే బాగుండేది. "కానీ వదినా, ఒకటి చెప్పు. హిచ్ పనిచేస్తోందని నువ్వే తేల్చావు. మరి పోయినేడాది బండి ఎందుకు ఊగింది? హిచ్ తప్పు కాదంటే ఇంకెవరి తప్పు?"

గేలన్ మైకు కట్టేశాడు. పెద్దమ్మ కళ్ళజోడు తీసి చొక్కా అంచుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. తన రుజువే తన మీదికి తిరిగింది.

అప్పుడు పెదనాన్న ట్రక్కు కిటికీలోంచి అడిగాడు. "గేలన్, ముందు చక్రాలకు ఎక్కువొచ్చిందన్నావా? ఒట్టి ట్రక్కు కన్నా ఎక్కువ?"

"పావు మెర్ల్ ఎక్కువ."

"ఏ లంకె?"

"ఎర్ర గుర్తుదే పెదనాన్నా," అన్నాను.

"అది కుదరదు. ఆ లంకె నేను ఇదే కాటా మీద చూసి పెట్టింది. గేలన్ వాళ్ళ నాన్న ఉన్నప్పుడు. ఆ లంకె దగ్గర బిగిస్తే ముందు చక్రాలు ఒట్టి ట్రక్కు బరువుకే రావాలి. అన్నేళ్ళూ అంతే వచ్చింది." ఆయన కళ్ళు ఎటో చూస్తున్నాయి గానీ మొహం పెద్దమ్మ వైపే ఉంది. "కడ్డీలు అవే. లంకె అదే. ఎక్కువ ఎత్తుతున్నాయంటే హిచ్ మీద కూర్చునే బరువు తగ్గింది. ట్రైలర్ ముక్కు తేలికైంది, తోక బరువైంది. తోక బరువైన బండి ఊగుతుంది, ఎవరు నడిపినా. లవాన్, నువ్వేం మార్చావు?"

"నేనా? ఏమీ మార్చలేదు."

"బాగా ఆలోచించు."

"ఏమీ లేదంటుంటే. నువ్వు సర్దినట్టే సర్దాను. గాలాలు అక్కడే, పొయ్యి అక్కడే, సీసాలు మాత్రం..." అని ఆగిపోయింది.

మా వైపు ఆడవాళ్ళు వేసవంతా సీసాలు నింపే పనిలో పడతారు. బీట్‌రూట్లు ఊరవేస్తారు, యాపిల్ గుజ్జు మరిగించి యాపిల్ బటర్ కాస్తారు, పీచ్‌పండ్లు పాకంలో పెడతారు. అక్కచెల్లెళ్ళకు పంచేదాన్ని బట్టే మనిషి విలువ. పెద్దమ్మ ఒక్కొక్కరికి అట్టపెట్టెలకు అట్టపెట్టెలు తీసుకెళ్తుంది.

"సీసాలు మాత్రం?" అన్నాడు పెదనాన్న.

"నువ్వు ముందు అరలో పెట్టేవాడివి. ఆ అర హిచ్‌కు దగ్గర కదా, అదిరి పగులుతాయని భయమేసింది. మొదటిసారి నేను నడపడం. పగిలితే మా చెల్లి ఎస్తర్ జీవితాంతం దెప్పుతుంది. అందుకని పోయినేడాది వెనకాల మంచం కింద పెట్టాను, ఈసారీ అక్కడే. బొంతల్లో చుట్టి."

"మొత్తమా?"

"మొత్తమూ."

వెనక మంచం పలక ఎత్తి చూశాం. అమ్మమ్మ కుట్టిన బొంతలు పసిపిల్లల్ని చుట్టినట్టు చుట్టి ఉన్నాయి. విప్పుతుంటే సీసాలు వస్తూనే ఉన్నాయి. ఎర్రవి, పసుపువి, ముదురు గోధుమరంగువి. గేలన్ గదిలోంచి బయటికి పరుగెత్తుకొచ్చాడు, చూడటానికి.

"ఇవన్నీ కాటా మీద పెట్టండి," అన్నాడు. పెట్టాం. ఆయన లోపలికి పోయి మైకు తీసుకున్నాడు. గొంతులో భక్తి వచ్చేసింది. "ఒకటిన్నర మెర్ల్. లవాన్ గారు తన ట్రైలర్ తోకలో ఒకటిన్నర మెర్ల్‌ను బొంతల్లో చుట్టి పడుకోబెట్టారు."

మొదట నవ్వింది పెద్దమ్మే. నవ్వితే ఆమెకు నిలబడటం రాదు. ట్రైలర్ మెట్టు మీద కూలబడి, కడుపు పట్టుకుని, కళ్ళలోంచి నీళ్ళు కారుతుంటే నవ్వింది. "ఎస్తర్ దెప్పుతుందని! ఎస్తర్ దెప్పుతుందని చావబోయాను!"

"వదినా, ఆ బీట్‌రూట్ సీసా ఒకటి ఇటివ్వు," అన్నాడు మెర్ల్ బాబాయ్. "బరువు తగ్గించాలి కదా."

"ముట్టుకున్నావో చెయ్యి విరుస్తా."

వరసగా నిలబడి ఒకరి చేతిలోంచి ఒకరికి సీసాలు అందించుకుంటూ ముందు అరలోకి చేర్చాం. మధ్యలో ఒక పీచ్‌పండ్ల సీసా తగ్గింది. గేలన్ మూతి జిగురుగా ఉంది. ఎవరూ అడగలేదు.

మళ్ళీ తూచాం. కడ్డీలు వదులుగా ఉన్నప్పుడు ముందు చక్రాల బరువు ఒక మెర్ల్ మీద పావు తగ్గింది. పెద్దమ్మ మొహం పాలిపోయింది. "ఇందాకటి కన్నా ఎక్కువ పోయిందే!"

"పోవాలి. ఇప్పుడు ముక్కు మీద కూర్చోవాల్సింది కూర్చుంది," అన్నాడు పెదనాన్న. "బిగించరా. నా లంకె."

బిగించాను. బండి ముందుకొచ్చింది. గేలన్ కావాలనే సాగదీశాడు. "ముందు చక్రాలు... ఒట్టి ట్రక్కుకు ఎంతో... అంతే. అటు లేదు, ఇటు లేదు."

పెదనాన్న సీటులో వెనక్కి వాలి చేతులు తల వెనక పెట్టుకున్నాడు.

"కాటా మీద నిలబడ్డ బండి ఎందుకూగుతుంది?" అన్నాడు మెర్ల్ బాబాయ్. కానీ ఈసారి ఆ గొంతులో పట్టుదల లేదు, ఏమవుతుందోనన్న ఆత్రం ఉంది. "లారీ పక్కనుంచి పోతే తెలుస్తుంది."

"లారీ నా దగ్గరుంది," అన్నాడు గేలన్.

గోదాము వెనకనుంచి పోయే రోడ్డు గీత గీసినట్టు ఉంటుంది. రెండు పక్కలా మొక్కజొన్న, ఎదురుగా ఒక్క బండి లేదు. పెద్దమ్మ స్టీరింగు పట్టుకుంది. పక్కన పెదనాన్న, వెనక నేను. గేలన్ ధాన్యం లారీ నడుపుతున్నాడు, పక్కన మెర్ల్ బాబాయ్. వెనకనుంచి వచ్చి మమ్మల్ని దాటాలి. అదీ పరీక్ష.

పెద్దమ్మ వేగం అందుకుంది. అద్దంలో లారీ పెద్దదైంది. ఇంకా పెద్దదైంది. కిటికీ నిండిపోయింది. ముందు గాలి మమ్మల్ని అటు నెట్టింది, తర్వాత ఇటు లాగింది. ట్రైలర్ ఒకసారి భుజం తట్టినట్టు తట్టింది.

పెద్దమ్మ రెండోదాని కోసం ఎదురుచూస్తోంది. పోయినేడాది భయపెట్టింది ఆ రెండోదే, దాని తర్వాత వచ్చిన మూడోదే. నేను వెనక అద్దంలోంచి ట్రైలర్ మొహం చూస్తున్నాను. అది తిన్నగా, బుద్ధిగా వస్తోంది.

లారీ దాటిపోయింది. దుమ్ము తగ్గింది. మొక్కజొన్న మళ్ళీ కనిపించింది.

"అంతేనా?" అంది పెద్దమ్మ.

"అంతే," అన్నాడు పెదనాన్న.

"అంతేనా! ఇంకోసారి దాటమను!"

ఇంకోసారి దాటారు. ఆ తర్వాత ఇంకోసారి. పెద్దమ్మ ఒంటిచేత్తో నడపబోతుంటే పెదనాన్న ఆ చెయ్యి పట్టుకుని మళ్ళీ స్టీరింగు మీద పెట్టాడు. మళ్ళీ రమ్మని ఆమె కిటికీలోంచి చెయ్యి ఊపుతుంటే, "లవాన్, వాళ్ళ డీజిలు వాళ్ళది" అన్నాడు.

రోడ్డు చివర ఆగాం. మెర్ల్ బాబాయ్ లారీ దిగి మా దగ్గరికి వచ్చాడు. టోపీ తీశాడు. జుట్టంతా చెమట.

"వదినా, నిజం చెప్తున్నా. నిన్ను దాటుతుంటే మా బండే ఊగింది."

"ఖాళీ లారీ అంతే," అంది పెద్దమ్మ. "కాసిని సీసాలు వేసుకో. ముందు వైపు."

ఆ సాయంత్రం ఇద్దరూ మోచేతుల దాకా రబ్బరు తొడుగులేసుకుని మురికి తొట్లు ఖాళీ చేశారు. ఒకరినొకరు తిట్టుకుంటూ, పైపు ఎవరు పట్టుకోవాలో వాదించుకుంటూ. వరసలో అందరూ కుర్చీలు వేసుకుని కూర్చుని చూశారు. మర్నాడు బాబాయ్ ఆ పలకలు మోసుకెళ్ళి తన ట్రైలర్ ముందున్న అరుగునే ఇంకా పెద్దది చేసుకున్నాడు. ఇప్పుడు దాని మీద పెళ్ళి చెయ్యొచ్చు.

ఆగస్టు మొదటి వారంలో వాళ్ళు బయల్దేరారు. నేను గడ్డి కోసే యంత్రం అక్కడే వదిలేసి నా కారులో వెనకాలే వెళ్ళాను. బండి ఊగుతుందేమో చూద్దామని నాకు నేను చెప్పుకున్నాను. రాష్ట్రం సరిహద్దు దాటింది. నేను వెనక్కి తిరగాల్సిన చోటు దాటింది. చేలు పోయి చెర్రీ తోటలు మొదలయ్యాయి. పెద్ద లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. ట్రైలర్ మాత్రం తిన్నగా పోతూనే ఉంది. చివరకు పెద్దమ్మ ఒక పెట్రోలు బంకులోకి తిప్పి, దిగి, నేరుగా నా కిటికీ దగ్గరికి వచ్చింది.

"ఊగిందా?"

"లేదు."

"ఒక్కసారైనా?"

"లేదు పెద్దమ్మా."

"మరి నా వెనకాల ఎందుకు పడ్డావ్? నీకు పనిలేదా? గడ్డి ఎవడు కోస్తాడు?"

"చూడబుద్ధేసింది."

ఆమె ట్రక్కు వైపు తిరిగి అరిచింది. "ఓరిన్! వీడు మనతో వస్తానంటున్నాడు!"

"నేను అనలేదు!"

"వాడి కారు ఇక్కడ పెట్టనిస్తారేమో అడుగు," అన్నాడు పెదనాన్న లోపలినుంచి. "వెనక సీటులో చోటుంది. కానీ మొక్కజొన్న చిప్స్ వాడివి వాడే కొనుక్కోవాలి."

బంకు యజమాని సరేనన్నాడు. నేను వెనక సీటు ఎక్కాను. పెద్దమ్మ అద్దాలు సరిచేసుకుంది, రోడ్డు మీదికి చూసింది. దూరంగా ఒక లారీ వస్తోంది. దాని కోసం ఆగలేదు. దాని ముందే రోడ్డెక్కేసింది.